ట్రిప్పుకి రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారుకి ఇంజన్ పాడవుతుందా?

మీరు అడిగింది ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీలో ఇల్లు, పిల్లల స్కూలు రెండున్నర కిలోమీటర్లు, పొద్దున్న దింపి రావడం, మధ్యాహ్నం తీసుకురావడం, సాయంత్రం రైతుబజారుకో డాక్టరు దగ్గరికో ఒక రౌండు. మూడేళ్ల కిందట కొన్న పెట్రోలు కారు, ఇప్పటికి 12 వేలు కూడా తిరగలేదు. తెలిసినాయన ఒకరు "ఇలా చిన్న చిన్న ట్రిప్పులు తిప్పితే ఇంజన్ పోతుంది" అన్నారు, అప్పట్నుంచి మీకు టెన్షన్, మీవారేమో దీన్ని అమ్మేసి గట్టిగా ఉండే డీజిల్ బండి తీసుకుందాం అంటున్నారు.

ముందు డీజిల్ సంగతి చెప్పేస్తాను. వద్దండి. మీరు తిరిగే తిరుగుడుకి డీజిల్ అస్సలు పనికిరాదు, ఎందుకో కింద రాస్తాను. ఇక ఆయన చెప్పిన మాటలో నిజం ఉంది, కాకపోతే ఇంజన్‌ని పాడు చేసేది తక్కువ దూరం ఒక్కటే కాదు. ఇంజన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కకుండానే ప్రతిసారీ ఆపేయడం, పైగా "తక్కువే తిరిగింది కదా" అని ఆ ఆయిల్‌నే ఏళ్ల తరబడి ఉంచేయడం, ఈ రెండూ కలిసినప్పుడే చేటు. మొదటిది మీ చేతిలో కొంతే ఉంది, రెండోది పూర్తిగా మీ చేతిలోనే ఉంది. 27 ఏళ్లుగా కార్ల మెకానిక్ పనిలో ఉన్నాను, ముందు గాజువాక ఆటోనగర్‌లో, తర్వాత ఇసుకతోట దగ్గర సొంత షెడ్‌లో. నా దగ్గరికి ఆయిల్ పాడై వచ్చిన కార్లలో లక్ష కిలోమీటర్లు దాటినవాటికంటే ఇరవై వేలు కూడా తిరగనివే నన్ను ఎక్కువ బాధపెట్టాయి, ఎందుకంటే వాటిలో ఒక్కటి కూడా పాడవ్వాల్సిన బండి కాదు.

లోపల ఏం జరుగుతుందో చెప్తాను. రాత్రంతా బండి ఆగి ఉంటే ఆయిల్ అంతా కిందకి, చాంబర్‌లోకి దిగిపోతుంది. పిస్టన్ ఆడే బోరు గోడలకీ పైన హెడ్‌లోనూ పల్చటి పొర మాత్రమే మిగులుతుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే పంపు ఆ ఆయిల్‌ని పైదాకా తోసేలోపు ఇంజన్ ఆ పల్చటి పొర మీదే తిరగాలి. దానికి తోడు చల్లటి ఇనుము మీద పెట్రోలు సరిగా ఆవిరి కాదు, అందుకని ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ మొదటి నిమిషాల్లో మామూలు కంటే ఎక్కువ పెట్రోలు పంపిస్తుంది. అందులో కాలకుండా మిగిలింది బోరు గోడల మీద పడి, అక్కడున్న కాస్త ఆయిల్ పొరని కడిగేసుకుంటూ పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి కింద ఆయిల్‌లోకి దిగుతుంది. మరో విషయం చాలామందికి తెలియదు. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది. ఆవిరి రూపంలో చాలావరకు సైలెన్సర్ లోంచి పోతుంది గానీ, కొంచెం మాత్రం రింగులు దాటి కిందకి వస్తుంది. ఇంజన్ చల్లగా ఉంటే ఆ ఆవిరి అక్కడే నీళ్లై ఆయిల్‌లో కలుస్తుంది.

ఆయిల్ బాగా వేడెక్కి 90, 100 డిగ్రీల దగ్గరికి వచ్చి కాసేపు అక్కడే ఉంటే ఈ నీళ్లు, పెట్రోలు మళ్లీ ఆవిరై పైకి లేస్తాయి. పీసీవీ వాల్వ్ అని ఒకటుంటుంది, దాని గుండా ఇంజన్ వాటిని లోపలికి లాగి కాల్చేసుకుంటుంది. అంటే ఇంజన్‌కి తనని తాను శుభ్రం చేసుకునే ఏర్పాటు ఉంది, దానికి మనం టైమ్ ఇవ్వట్లేదు, అంతే. తడి మూకుడు పొయ్యి మీద పెట్టి, నీళ్లు ఇగరకముందే మంట ఆపి మూత పెట్టేస్తే మూత కింద అంతా చెమ్మే కదా, రోజుకి మూడుసార్లు మీ ఇంజన్‌కి అదే జరుగుతోంది. ఆ చెమ్మ, పెట్రోలు, మసి, యాసిడ్ అన్నీ కలిసి నెలల తర్వాత ఆయిల్‌ని జిగట ముద్ద చేస్తాయి. దాన్నే మేం స్లడ్జ్ అంటాం.

ఇక్కడే ఒక పొరపాటు అందరూ చేస్తారు. డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చింది కాబట్టి ఇంజన్ వేడెక్కిపోయింది అనుకుంటారు. ఆ ముల్లు చూపించేది కూలెంట్ వేడి, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం వేడి, ఆయిల్‌ది కాదు. కూలెంట్ అయిదారు నిమిషాల్లో వేడెక్కితే ఆయిల్‌కి అంతకి రెండింతలో మూడింతలో పడుతుంది. చిన్న కార్లలో చాలావాటికి ముల్లు కూడా లేదు, నీలం లైటు ఒకటే ఉంటుంది. అది ఆరిపోయిందంటే మరీ చల్లగా లేదు, మామూలుగా నడపొచ్చు అని మాత్రమే, పని పూర్తయిందని కాదు. మీ ఇంటి నుంచి స్కూలుకి పొద్దున్న ట్రాఫిక్‌లో పది నిమిషాలనుకుందాం. నీలం లైటు ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, ఆయిల్ మాత్రం అప్పుడప్పుడే వేడెక్కుతూ ఉంటుంది.

అయితే మీరు నెట్‌లో చదివి భయపడ్డ ఇంగ్లీషు వ్యాసాలు చాలావరకు మంచు పడే దేశాల వాళ్లు రాసినవి. అక్కడ సున్నా కంటే తక్కువలో స్టార్ట్ చేయాలి. మన విశాఖలో జనవరి తెల్లవారుజామున కూడా అంత చలి ఎక్కడిది? ఏడాదిలో చాలా రోజులు ఇంజన్ 25, 30 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, కాబట్టి వాళ్లకంటే మనకి సగం బాధ తక్కువ. ఇంకోటి, మీరు స్కూలు దగ్గర పిల్లల్ని దింపి అయిదు నిమిషాల్లో మళ్లీ స్టార్ట్ చేసి ఇంటికొస్తే అది కొత్త చల్లటి స్టార్ట్ కాదు, పోవడం రావడం కలిపి ఒకే ట్రిప్పు. అలా చూస్తే మీకు రోజుకి మూడు చల్లటి స్టార్టులు. ఏడాదికి 300 రోజులనుకుంటే 900, తిరిగేది మాత్రం నాలుగు వేల కిలోమీటర్లు. అదే మీ కాలనీ నుంచి స్టీల్ ప్లాంటుకి డ్యూటీకి వెళ్లేవాళ్లని చూడండి, ఒకవైపే పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఏడాదికి పదిహేను వేలు తిరుగుతారు, చల్లటి స్టార్టులు 600. పైగా ప్రతి స్టార్ట్ తర్వాత ఆయిల్ అరగంటకి పైగా వేడిగా ఉంటుంది. మీటర్ చూసి మీ కారు కొత్తది, వాళ్లది పాతది అనుకుంటాం. ఇంజన్ ఆయిల్‌ని అడిగితే వేరే చెప్తుంది.

ఒక బండి సంగతి చెప్తాను. లాసన్స్ బే కాలనీలో ఉండే రిటైరైన మాస్టారు, అయిదేళ్లలో 11 వేల కిలోమీటర్లు తిరిగిన కారు, తుడిచి తుడిచి అద్దంలా పెట్టుకున్నారు. గుడికి, బ్యాంకుకి, మార్కెట్‌కి తప్ప బయటికి తీయలేదు. న్యూట్రల్‌లో ఆగినప్పుడు ఆయిల్ లైటు మిణుకుమంటోందని తెచ్చారు. ఆయిల్ పోసే మూత తీస్తే కింద పాలు కలిపిన కాఫీ రంగులో వెన్నలాంటి ముద్ద. చాంబర్ విప్పి చూస్తే పంపు ఆయిల్ లాగే జాలీ సగానికి పైగా మూసుకుపోయి ఉంది. అయిదేళ్లలో ఆయిల్ ఎన్నిసార్లు మార్చారు మాస్టారూ అంటే, "ఫ్రీ సర్వీసుల్లో మార్చారు, తర్వాత పదివేలు తిరగలేదు కదా నాయనా" అన్నారు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. పదివేల కిలోమీటర్లు అన్నది అందరికీ గుర్తుంటుంది, దాని పక్కనే ఉన్న "లేదా ఒక ఏడాది, ఏది ముందైతే అది" అన్న మాట ఆయనకి ఎవరూ నోటితో చెప్పలేదు. శుభ్రం చేసి, కొత్త ఆయిల్ వేసి, వెయ్యి కిలోమీటర్లకే మళ్లీ మార్చి ఇంజన్‌ని నిలబెట్టగలిగాం. అందరికీ అలా కుదరదు, ఇంకో నెల ఆలస్యమైతే బేరింగులు పోయేవి.

కాబట్టి మీ కారుకి నా లెక్క: ఆయిల్, ఫిల్టర్ ఏడాదికి ఒకసారి తప్పనిసరి, మీటర్ మూడు వేలు చూపించినా సరే. ఇంకా మంచిది ఏడెనిమిది నెలలకే మార్చడం. కారుతో ఇచ్చిన పుస్తకం చివర్లో మెయింటెనెన్స్ పట్టిక పక్కన "కఠిన వాడకం" అని ఒక పేజీ ఉంటుంది, ఎవరూ చదవరు. ఎడారి, ఘాట్ రోడ్లు, ట్యాక్సీ వాడకంతోపాటు అక్కడ చిన్న చిన్న ట్రిప్పులు కూడా రాసి ఉంటుంది, కొన్ని కంపెనీలైతే ఎనిమిది కిలోమీటర్ల లోపు అని అంకె కూడా ఇస్తాయి. మీరు మెల్లగా, జాగ్రత్తగా నడిపినా ఆ పట్టిక ప్రకారం మీ కారు కఠిన వాడకంలోకే వస్తుంది. చిన్న కారుకి ఆయిల్, ఫిల్టర్ కలిపి మూడు నాలుగు వేలలో అయిపోయే పని, దీనికి వెనకాడకండి.

ఆయిల్ గ్రేడ్ దగ్గర కూడా జాగ్రత్త. "మన ఎండకి చిక్కటి ఆయిలే కరెక్టు" అని 20డబ్ల్యూ-50 పోసేసే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. మీ వాడకానికి అది సరిగ్గా ఉల్టా, చిక్కటిది చల్లగా ఉన్నప్పుడు పైకి ఎక్కడానికి ఇంకా లేటు. పుస్తకంలో 0డబ్ల్యూ-20 అనో 5డబ్ల్యూ-30 అనో ఏది ఉంటే అదే వేయించండి, బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి.

ఇంకో పని మన వైపు బాగా చేస్తారు, దాని గురించి గట్టిగా చెప్పాలి. బండి ఒకసారి హీటెక్కితే చాలు, థర్మోస్టాట్ వాల్వ్ తీసి పక్కన పడేసి "ఇంక ఎప్పుడూ వేడెక్కదు, కూల్‌గా ఉంటుంది" అంటారు. ఆ వాల్వ్ పని ఏంటంటే, ఇంజన్ తొందరగా వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపడం. సుమారు 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అది తీసేస్తే మీ రెండున్నర కిలోమీటర్లలో ఇంజన్ సరిగా వేడెక్కదు, కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లోకి చెమ్మ ఇంకా దిగుతుంది. ఎప్పుడైనా మీ బండికి రేడియేటర్ పని చేయించి ఉంటే వాల్వ్ ఉందో లేదో అడిగి చూడండి. లేకపోతే కొత్తది వేయించండి, దాని ఖరీదు పెద్దదేం కాదు.

పొద్దున్నే స్టార్ట్ చేసి పది నిమిషాలు న్యూట్రల్‌లో వదిలేస్తే మంచిదా అని కూడా అడిగారు. మంచిది కాదు. లోడ్ లేకుండా ఊరికే తిరిగే ఇంజన్ చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది, అంతసేపూ ఎక్కువ పెట్రోలే తాగుతుంది, అంటే మీరు తప్పించుకోవాలనుకున్న దాన్నే పొడిగిస్తున్నారు. స్టార్ట్ చేసి, సీటుబెల్టు పెట్టుకుని, అద్దం సరిచూసుకునే అర నిమిషం చాలు. తర్వాత మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా, రెండు వేల ఆర్పీఎం చుట్టుపక్కల నడపండి. గేటు దాటగానే తొక్కేయకండి. మన అపార్ట్‌మెంట్లలో ఇంకో అలవాటు ఉంది, పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, కారు సెల్లార్‌లో ఉంటుంది, వాచ్‌మన్‌కి తాళం ఇచ్చి "వారానికోసారి అయిదు నిమిషాలు ఆన్ చెయ్యి బాబూ" అంటారు. ఇంజన్‌కి ఇంతకంటే చెడ్డ పని లేదు. ఆ అయిదు నిమిషాల్లో సెల్ఫ్ లాగిన కరెంటు కూడా బ్యాటరీకి సరిగా తిరిగిరాదు, ఆయిల్‌లో మాత్రం ఇంకాస్త నీరు చేరుతుంది. పైగా గాలి ఆడని సెల్లార్‌లో పొగ నిలిచిపోతే, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు, ఆ పక్కనే వాచ్‌మన్ కుటుంబం పడుకుంటుంది. దయచేసి ఎవరూ ఇది చేయించకండి. తిప్పగలిగితే అరగంట రోడ్డు మీద తిప్పించాలి, లేదంటే బ్యాటరీ టెర్మినల్ తీయించి వదిలేయాలి.

బ్యాటరీ మాటొచ్చింది కాబట్టి, మీ వాడకంలో మొదట చేతులెత్తేసేది ఇంజన్ కాదు, అదే. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ వంద ఆంపియర్ల పైమాటే లాగుతుంది. వానాకాలంలో లైట్లు, వైపర్లు, ఏసీ బ్లోయరు అన్నీ వేసుకుని పది నిమిషాల ట్రిప్పు వేస్తే అది పూర్తిగా నిండదు. నిండకుండా ఉండిపోయిన బ్యాటరీ లోపల ప్లేట్లు గట్టిపడిపోతాయి, దానికి మన ఎండ తోడు. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్న మీటర్ పెడితే 12.6 వోల్టులు ఉంటే బాగున్నట్టు, 12.4 దాకా ఫరవాలేదు, 12.2 అంటే సగమే ఉంది, ఛార్జింగ్ పెట్టించాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఆపేముందు ఏసీ, లైట్లు కట్టేసి ఆపడం అలవాటు చేసుకోండి, మళ్లీ సెల్ఫ్ కొట్టేటప్పుడు బరువు తగ్గుతుంది.

సైలెన్సర్ గురించి రెండు మాటలు. పొద్దున్న పైపు నుంచి నీటి చుక్కలు కారితే కంగారుపడకండి, పైన చెప్పిన నీరే అది. బయటికి పోయింది మంచిదే, లోపల ఉండిపోయింది తుప్పు పట్టిస్తుంది. సముద్రానికి దగ్గర్లో ఉంటే బయటినుంచి ఉప్పుగాలి, లోపలినుంచి ఈ చెమ్మ, రెండువైపులా తింటుంది. సైలెన్సర్ డబ్బా కింద చిన్న రంధ్రం ఉంటే అది నీరు పోవడానికి పెట్టింది, లీకేజీ అనుకుని వెల్డింగ్ చేయించేవాళ్లని చూశాను, అలా చేయించకండి.

వీటన్నిటికీ కలిపి ఒక మందు ఉంది, వారానికోసారి సరైన రన్. ఆదివారం పొద్దున్న హనుమంతవాక దగ్గర హైవే ఎక్కి మధురవాడ మీదుగా ఆనందపురం దాకా వెళ్లి వచ్చేయండి. ఆగకుండా అరగంట, 60, 70 స్పీడు, రెండు వేల నుంచి రెండున్నర వేల ఆర్పీఎం చాలు, రేసులు అక్కర్లేదు. పిల్లలతో భీమిలి వెళ్లొచ్చినా అదే పని అవుతుంది. లేదా అడవివరం మీదుగా సింహాచలం కొండెక్కి అప్పన్న దర్శనం చేసుకుని రండి, ఘాట్ ఎక్కేటప్పుడు లోడ్ పడి ఆయిల్ త్వరగా వేడెక్కుతుంది, దిగేటప్పుడు మాత్రం గేరులోనే దిగండి. వారం వీలు కాకపోతే రెండు వారాలకోసారి. మిగతా రోజుల్లో రెండు పనులు కలపండి, పిల్లల్ని దింపేసి ఇంటికొచ్చి సాయంత్రం మళ్లీ కూరగాయలకి వెళ్లే బదులు అటునుంచి అటే రైతుబజారు చూసుకుని రండి. రోజుకి మూడు చల్లటి స్టార్టుల్లో ఒకటి అక్కడే తగ్గిపోయింది.

ఇప్పుడు డీజిల్ ఎందుకు వద్దన్నానో. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 వచ్చింది, ఆ తర్వాతి డీజిల్ కార్లకి సైలెన్సర్ లైన్‌లో డీపీఎఫ్ అని మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి నిండినప్పుడు ఇంజన్ ఎక్కువ డీజిల్ పంపి, ఆ ఫిల్టర్‌ని సుమారు 600 డిగ్రీలకి తీసుకెళ్లి కాల్చేసుకుంటుంది. దానికి పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా హైవే మీద నడవాలి. మీరు స్కూలు గేటు దగ్గర ఆపేస్తే ఆ పని మధ్యలో ఆగిపోతుంది, మర్నాడు మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది, ప్రతిసారీ కాలని డీజిల్ కాస్త ఆయిల్‌లోకి దిగుతుంది. సిరిపురం దగ్గర ఒక డాక్టరుగారు ఇంటికీ క్లినిక్‌కీ మూడు కిలోమీటర్ల దూరానికి పెద్ద డీజిల్ బండి కొన్నారు. ఏడాది తిరిగేలోపు ఫిల్టర్ లైటు వెలిగింది, పికప్ పోయింది, నేను ఆయిల్ మట్టం కొలిచే గేజ్ తీసి చూస్తే ఆయిల్ గరిష్ఠ గీత దాటి ఒక వేలెడు పైకి ఉంది. ఆయిల్ పెరిగిందంటే డీజిల్ కలిసిందని అర్థం. ఆ స్థితిలో అలాగే నడిపితే బేరింగులు అరిగిపోతాయి. ఫిల్టరే మార్చాల్సి వస్తే ఆ బిల్లు మామూలు కుటుంబానికి తేలికైనది కాదు.

చిన్న టర్బో పెట్రోలు కార్లు కూడా, నేరుగా సిలిండర్‌లోకే పెట్రోలు కొట్టే రకం అయితే, మీ వాడకంలో ఆయిల్‌ని పల్చన చేస్తాయి. మామూలు పెట్రోలు ఇంజనే మీకు నయం. నిజంగా ఎప్పుడైనా మార్చే ఆలోచన ఉంటే, ఇంట్లో ఛార్జింగ్ పాయింటు పెట్టుకునే వీలుంటే, రోజుకి పదిహేను కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లకి ఎలక్ట్రిక్ కారు అన్నిటికంటే సరిపోతుంది. చల్లటి స్టార్ట్ అన్న సమస్యే దానికి లేదు. కానీ 12 వేలు కూడా తిరగని కారుని ఈ భయంతో అమ్ముకోవద్దు.

రేపు పొద్దున్న స్టార్ట్ చేయకముందు బానెట్ ఎత్తి రెండు చూడండి. ఆయిల్ పోసే మూత తిప్పి తీసి దాని కింద చూడండి. లేత గోధుమ రంగు ముద్ద కొంచెం మూతకి మాత్రమే అంటి ఉండి, గేజ్ తీస్తే ఆయిల్ మామూలుగా ఉంటే అది చెమ్మే, తుడిచేసి ఆదివారం రన్ చేసి మళ్లీ చూడండి, చాలావరకు పోతుంది. గేజ్ మీద ఆయిలే పాలలా కనిపించినా, కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతున్నా అది వేరే విషయం, కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానం, స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని ఇంటికి పిలిపించండి. గేజ్‌కి అంటిన ఆయిల్ వాసన కూడా చూడండి, పెట్రోలు వాసన గట్టిగా కొడితే వెంటనే ఆయిల్ మార్పించండి. మూత కింద ఏం కనిపించిందో, చివరి సర్వీసు బిల్లు మీద ఏ తేదీ, ఏ గ్రేడ్ ఉందో రాయండి, మీ మోడల్‌ని బట్టి మిగతాది చెప్తాను.